శ్రుతి కాని మోత

రామచంద్రపురంలో సంగీతం మేష్టారు లింగమూర్తి గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులెవరైనా పాఠం గురించి సందేహం అడిగితే అక్కడికక్కడే పాడి చూపించేవారు. పాఠానికి బయటి సంగతి ఏదైనా అడిగితే మాత్రం కాసేపు గోడవైపు చూసి, అడిగినవాళ్ళ చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. చింతపండు ఈనెలు తీయడమో, తంబురా గలేబు ఉతకడమో, పెరట్లో బీరపాదుకి పందిరి వేయడమో, ఏదైనా సరే. పని అయ్యాక కొందరికి జవాబు దొరికేది. చాలామందికి కాఫీ మాత్రమే దొరికేది. కాఫీ తాగి వెళ్ళిపోయినవాళ్ళలో కొందరు ఏళ్ళు గడిచాక మళ్ళీ వచ్చి, ఏమీ చెప్పకుండా ఆయన కాళ్ళకు దండం పెట్టి వెళ్ళడం ఆ వీధివాళ్ళు ఎరుగుదురు.

ఆయన దగ్గర చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నవాళ్ళలో కాత్యాయని ఒకతె. ఆమె పాడేది, తమ్ముడు శశిధర్ పక్కన కూర్చుని వయొలిన్ వాయించేవాడు. అక్క పాటలో ఏ సంగతి, ఏ మలుపు ఎక్కడ వేస్తుందో వేయకముందే అతని కమానుకు తెలిసేది. అతనికి వయొలిన్ తరవాత అంత పిచ్చీ మైకులన్నా స్పీకర్లన్నా ఉండేది. దూరపు ఊళ్ళలో ఉన్న పిల్లలకు మేష్టారు కంప్యూటర్‌లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టినప్పుడు, మేడ మీది గదిలో కావలసిన సరంజామా అంతా అతనే అమర్చాడు. మిక్సర్ ఒకచోట, యాంప్లిఫయర్ ఒకచోట, రెండు మైకులు, స్పీకర్లు, కరెంటుతో నడిచే శ్రుతిపెట్టె. ఎప్పుడు ఏది కావాలంటే అది తెచ్చి, దొరికిన వైరు తగిలించి, మిగిలిన పొడవు కిందికి వదిలేసేవాడు. కొన్నాళ్ళకు గది మూల వలల కుప్పలా తయారైంది. మేష్టారు భార్య మాణిక్యాంబ గారు విసుక్కుంటే, "పలుకుతోంది కదండీ అత్తయ్య గారూ, ముట్టుకోకండి," అని నవ్వేవాడు. నిజంగానే పలికేది. ఆ కుప్పలోంచి వచ్చే పాట కడిగిన ముత్యంలా ఉండేది.

ఆ శశిధర్ వానాకాలంలో డెంగ్యూ జ్వరం తగిలి, పెళ్ళయినా కాకుండానే, ఇంట్లో వాళ్ళు ఇంకా తేరుకుంటాడనే అనుకుంటూ ఉండగా పోయాడు. కర్మకాండలు అయ్యాక కాత్యాయని చాలాకాలం నోరు విప్పలేదు. తరవాత ఎవరో బలవంతపెడితే పొరుగూళ్ళో ఒక చిన్న సభలో పాడింది. ఆ రోజు జనం కళ్ళు తుడుచుకున్నారు. ఆ మాట ఆ నోటా ఈ నోటా పాకింది. కాకినాడ వాళ్ళు పిలిచారు, తణుకు వాళ్ళు పిలిచారు. ఇదివరకు ముందు వరసలో కూర్చుని తాళం వేసినవాళ్ళు ఇప్పుడు తాళం మరిచిపోయి వింటున్నారు. "ఆ గొంతులోకి లోతు వచ్చిందండీ, దెబ్బ తిన్న గొంతు అది," అనేవారు. కాత్యాయనికి ఆ మాటలు పుండు మీద చల్లటి గుడ్డలా ఉండేవి. తమ్ముడు ఎక్కడికీ పోలేదనీ, తన గొంతులోనే ఉన్నాడనీ ఆమెకు నమ్మకం కలిగింది. ఒక్క మేష్టారు మాత్రం ఏమీ అనలేదు. ప్రతి కచేరీకీ వచ్చేవారు, చివరిదాకా కూర్చునేవారు, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేవారు.

చివరికి ఒకనాటి మధ్యాహ్నం ఆమె ఆయన ఎదుట కూర్చుని అడిగేసింది.

"మేష్టారూ, నేను ఏడుపుతో పాడుతున్నాను. నాకు తెలుసు. అందరూ బాగుందంటున్నారు. మీరొక్కరే మాట్లాడటం లేదు. తప్పయితే తప్పని చెప్పండి. దుఃఖం పాటలో ఉండకూడదా?"

మేష్టారు గోడవైపు చూశారు. చాలాసేపు చూశారు. తరవాత, "పై గదిలో ఆ వైర్లు కాస్త సర్దిపెట్టమ్మా. రేపు పొద్దున్నే రా," అన్నారు.

ఆ గదిలో ఆ మూలని శశిధర్ పోయిన దగ్గర నుంచీ ఎవరూ ముట్టుకోలేదు. మాణిక్యాంబ గారు ఊడ్చినప్పుడు చీపురు ఆ కుప్ప అంచు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేది. మేష్టారు పాఠాలు చెప్పడానికి కింద గదిలో ఇంకో కుర్చీ వేయించుకుని, సెల్‌ఫోన్‌తో నెట్టుకొస్తున్నారు.

"వాడు పెట్టింది పెట్టినట్టే ఉండనివ్వండి మేష్టారూ," అంది కాత్యాయని.

"నేనూ అలాగే అనుకున్నాను ఇన్నాళ్ళూ," అన్నారాయన. "నిన్న ఎలకలు ఒక వైరు కొరికాయి."

మర్నాడు పొద్దున్న ఆమె మేడ ఎక్కింది. కిటికీ తెరిచి, కొంగు నడుముకు దోపుకుని, ఆ కుప్ప ముందు కూర్చుంది. ముందుగా మెయిన్ స్విచ్ ఆపి, ప్లగ్గులన్నీ ఊడదీసింది. తరవాత ఒక కొన పట్టుకుని లాగింది. కుప్పంతా కదిలింది. లాగితే కుదరదని తెలిసి, ఆ కొన ఎక్కడికి పోతోందో వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళింది. దుమ్ములో ఒకచోట కమానుకు రాసే రాళం ముక్క దొరికింది. ఇంకోచోట రెండు వైర్లు తెగిన వయొలిన్ తీగతో కట్టేసి ఉన్నాయి. అప్పటికి చేతికి అదే దొరికి ఉంటుంది. ఆ ముడి విప్పడానికి ఆమెకు చాలాసేపు మనసు రాలేదు. ముడి మీద వేలు పెట్టి అలాగే కూర్చుంది. వాడు విసురుగా ముడి బిగించి, మిగిలిన కొన పళ్ళతో మెలితిప్పే తీరు కళ్ళకు కట్టింది. మాణిక్యాంబ గారు కాఫీ గ్లాసుతో పైకి వచ్చి, గుమ్మంలో నిలబడి చూసి, గ్లాసు అక్కడే పెట్టి చప్పుడు చేయకుండా దిగిపోయారు.

మధ్యాహ్నానికి ఆ ముడి కూడా విడిపోయింది. నేల మీద వైర్లన్నీ విడివిడిగా, పక్కపక్కనే, ఆరబెట్టిన నూలులా ఉన్నాయి. ఎలకలు కొరికినదాన్ని పక్కన పడేసింది. తడిగుడ్డతో ఒక్కొక్కదాన్నీ తుడిచింది. తుడుస్తుంటే ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. వాడు పెట్టిన సామానుని ఇంక ఎప్పటికీ చిక్కుపడకుండా చేయాలి. వాడు చూస్తే, "అబ్బ, అక్కా!" అనాలి. కరెంటు మోసేవీ పాట మోసేవీ అన్నీ కలిపి, పొడవులు సమానం చేసి, మూడు పాయలు తీసి, జడ అల్లినట్టు అల్లడం మొదలుపెట్టింది. మిక్సర్ దగ్గర మొదలైన జడ గోడ వెంబడి వంకర లేకుండా సాగి, స్విచ్చుల పెట్టె దగ్గర ముగిసింది. మధ్య మధ్య పాత జరీ అంచు పీలికలతో కట్టింది. ఆ అల్లిక చూసి మాణిక్యాంబ గారు, "పెళ్ళికూతురి జడలా ఉందే!" అని ముక్కున వేలేసుకున్నారు.

మేష్టారు సాయంత్రం పడుతుండగా పైకి వచ్చారు. జడను ఒకసారి చూశారు. చాప మీద కూర్చుని, "వేసి చూడు," అన్నారు.

స్విచ్ వేసింది. ఎర్రదీపాలు వెలిగాయి. శ్రుతిపెట్టె ఆమె పాడే ఐదు శ్రుతిలో మోగింది. కాత్యాయని మైకు ముందు కూర్చుని కళ్ళు మూసుకుని కల్యాణి రాగం ఎత్తుకుంది. ఇన్ని నెలల తరవాత ఆ స్పీకర్లలోంచి తన గొంతు తనకి వినపడింది. అది గదినంతా నింపుతోంది. తన గొంతు కింద ఎవరో అండగా నిలబడి మంద్రంలో గొంతు కలుపుతున్నట్టు, ఇదివరకు ఎరగని నిండుదనం ఏదో ఉంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తమ్ముడే అనుకుంది. ఆ నిండుదనం మీద ఆనుకుని, ఆనుకుని పాడింది.

"శ్రుతిపెట్టె ఆపు," అన్నారు మేష్టారు.

ఆపింది.

"పాట ఆపకు."

ఆమె పాడుతూనే ఉంది. శ్రుతి ఆగిపోయినా గొంతుకు ఆసరా తప్పలేదు. షడ్జం మీద నిలబడింది. హాయిగా, స్థిరంగా నిలబడింది.

"ఇప్పుడు మళ్ళీ వెయ్యి."

చెయ్యి చాచి శ్రుతిపెట్టె మీట నొక్కింది. నొక్కిన మరుక్షణం ఆమె గొంతు తెగిపోయింది. తన షడ్జం ఒకచోట ఉంది, శ్రుతి ఇంకొకచోట ఉంది. తేడా వెంట్రుకవాసి. కానీ చిన్నప్పటి నుంచీ ఆ పెట్టె ముందు కూర్చున్న మనిషికి ఆ వెంట్రుకవాసి చెంపదెబ్బలా తగిలింది. చేత్తో నోరు మూసుకుంది.

"పాట ఆపేశావు కదా. పెట్టె కూడా ఆపేసి విను," అన్నారాయన.

అన్నీ ఆగిపోయిన గదిలో స్పీకర్లు మోగుతూనే ఉన్నాయి. తుమ్మెద ఒకటి గదిలో చిక్కుకున్నట్టు, ఎడతెగకుండా, సన్నగా, ఝుమ్మని. ఐదు శ్రుతికి దగ్గరగా ఉన్న మోత. దగ్గరగానే ఉంది, శ్రుతి మాత్రం కాదు. ఇంతసేపూ తాను ఆనుకున్నది దాని మీద.

కాత్యాయని ఆ జడవంక చూసింది. "వాడు కుప్పగా పడేసినప్పుడు ఇది లేదు," అంది. "వాడిది నేను పాడుచేశాను. ఇంత శ్రద్ధగా చేసి పాడుచేశాను."

మేష్టారికి కరెంటు సంగతులు ఏమీ తెలియవు. ఆ ఇంట్లో ఫ్యూజు పోతే వేసేది మాణిక్యాంబ గారే. ఆయన లేచి వెళ్ళి స్పీకరు పక్కన చెవి ఆనించి కూర్చున్నారు. తంబురా శ్రుతి చేయిస్తున్నప్పుడు ఎలా కూర్చుంటారో అలా కూర్చున్నారు.

"జడ విప్పమ్మా. ఒక్కొక్క వైరే పక్కకి జరుపు. నేను వింటాను."

ఆమె మళ్ళీ స్విచ్చులు ఆపి, జరీ పీలికలు విప్పి, పాయలు విడదీసింది. మళ్ళీ వేసింది. మైకు వైరుని అటు జరిపింది.

"లేదు. అలాగే ఉంది."

ఇంకొకటి జరిపింది.

"పెరిగింది. వెనక్కి తీసుకో."

యాంప్లిఫయర్‌కి కరెంటు తెచ్చే లావుపాటి వైరు ఆమె చేతికి వచ్చింది. దాన్ని గోడ వెంబడి, మిగతావాటికి దూరంగా లాగింది.

"ఆఁ. సగం పోయింది. ఇంకా."

ఇంకా లాగింది. కానీ ఒకచోటికి వచ్చాక లాగడం కుదరలేదు. స్విచ్చుల పెట్టె ఒక గోడకుంది, మైకు ఇంకో గోడకుంది. ఎటు తిప్పినా ఎక్కడో ఒకచోట ఈ వైరు ఆ వైరుని దాటక తప్పదు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని కరెంటు వైరుని ఎత్తి, మైకు వైరు పక్కనే కొంచెం దూరం నడిపించి చూసింది. మేష్టారు తల అడ్డంగా ఊపారు. ఏం చేయాలో తోచక, దాన్ని తిన్నగా, నిలువు గీత మీద అడ్డగీత గీసినట్టు, ఆ మైకు వైరు మీదుగా అవతలికి పడేసింది.

గది ఒక్కసారిగా ఖాళీ అయింది. దూరంగా ఆర్టీసీ బస్సు హారన్ వినిపించింది. కింద వంటింట్లో మాణిక్యాంబ గారు పోపు వేస్తున్న చప్పుడు వినిపించింది. స్పీకర్లలో ఏమీ లేదు.

ఆమె చెయ్యి ఇంకా ఆ వైరు మీదే ఉంది. రెండు వైర్లూ అక్కడ ఒకదాన్నొకటి తాకే ఉన్నాయి. ఆ తాకినచోటే చూస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఇది అసలు లేకుండా తీసిపారేస్తే మంచిది కదండీ మేష్టారూ? గుండెకోతా ఉండదు, ఈ మోతా ఉండదు."

ఆయన స్పీకరు దగ్గర నుంచి మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచారు.

"తీసేస్తే స్పీకరే పలకదమ్మా," అన్నారు.

అంతే అన్నారు. తరవాత మెట్ల వైపు తిరిగి, గుమ్మం పట్టుకుని, ఎటో చూస్తూ, "వాడు పోయాక ఈ గదిలో నేను పాడలేదు. నీకు చెప్పేపాటి వాణ్ణి కాదు," అని దిగి వెళ్ళిపోయారు. ఆయన గొంతు అలా ఉండగా కాత్యాయని ఎన్నడూ వినలేదు. చీకటి పడేదాకా ఆమె కిందికి రాలేదు. వెలుతురు ఉన్నంతసేపూ వైర్లు నేల మీద పరుచుకుంటూ ఉండిపోయింది. కరెంటువి ఒక గోడ వెంబడి, పాటవి ఇంకో గోడ వెంబడి, కలవక తప్పనిచోట్ల అడ్డంగా. అల్లిక కాదు అది, చూడముచ్చటగానూ లేదు.

శశిధర్ సంవత్సరీకం అయిన తరవాత ఊళ్ళో సంగీత సభ వాళ్ళ ఉత్సవాలు వచ్చాయి. కాత్యాయని పాట ఉంది. తమ్ముడు లేకుండా సొంత ఊరి వేదిక మీద పాడడం ఆమెకు అదే మొదటిసారి. జనం తెలిసినవాళ్ళే, చేతిరుమాళ్ళు సిద్ధంగా పెట్టుకునే వచ్చారు. పక్కన వయొలిన్‌కి మండపేట నుంచి సోమనాథం గారని ఒక పెద్దాయన కూర్చున్నారు. ఆమెను ఆయన అంతకుముందు చూడనైనా లేదు.

ఆమె బేగడ రాగంలో కీర్తన ఎత్తుకుంది. నెమ్మదిగా, తొందర లేకుండా, రాగం అడిగినచోట అడుగు వేస్తూ పాడింది. జనం ఎదురుచూస్తున్న ఆ గద్గదం రాలేదు. పల్లవి అయింది, అనుపల్లవి అయింది. చరణంలో ఒక సంగతి ఉంది. దాన్ని ఆమె వేసినప్పుడల్లా శశిధర్ చివరి మలుపుని కావాలని వదిలేసి, ఆమె తిరిగి చూశాక అప్పుడు వాయించేవాడు. అది వాళ్ళిద్దరికే తెలిసిన ఆట. ఆమె ఆ సంగతి వేసింది. అలవాటు కొద్దీ తల ఎడమకు తిరిగింది. అక్కడ సోమనాథం గారి తెల్లటి తల ఉంది.

గొంతు ఆగిపోయింది. మృదంగం ఒక తాళావర్తం ఒంటరిగా నడిచింది. ముందు వరసలో ఒకావిడ కొంగు అందుకుంది. దుఃఖం ఆమెను అడుగు నుంచి పైదాకా ఊపింది. ఈసారి ఆమె దాన్ని పట్టుకోలేదు. దాని మీద ఆనుకోలేదు, దాన్ని తోసెయ్యనూ లేదు. తొడ మీద తాళం వేస్తున్న చేయి మాత్రం ఆగలేదు. సోమనాథం గారు ఏమనుకున్నారో, ఆ సంగతిని తన పద్ధతిలో, పాతకాలపు పెద్దమనిషి నడకలో, మొదటి నుంచి చివరిదాకా వాయించి ఆమె కేసి చూశారు. శశిధర్ వాయించినట్టు ఏమాత్రం లేదు. కానీ అదీ బేగడే. ఆమె తల ఊపింది. ఆయన వదిలినచోటే అందుకుంది. స్వరాలలోకి వెళ్ళేసరికి ఆమె పెదవుల మీద చిన్న నవ్వు కూడా కనిపించిందని వెనక కూర్చున్న తంబురా పిల్ల తరవాత చెప్పింది.

కచేరీ అయ్యాక వేదిక దగ్గర నలుగురూ మూగారు. ముందు వరసలో కూర్చున్నావిడ ఆమె చేతులు పట్టుకుని, కాస్త నిష్ఠూరంగానే, "ఇవాళ మమ్మల్ని ఏడిపించలేదేంటమ్మా? తమ్ముణ్ణి మరిచిపోతున్నావా?" అంది. నిజంగానే మరిచిపోతున్నానా అని కాత్యాయని తనను తాను ప్రశ్నించుకుంది. తడుముకుంటే వాడు ఉన్నాడు. ఇదివరకటికన్నా స్పష్టంగా, ఎడమ పక్కన, కమాను గాల్లో ఆపి కొంటెగా చూస్తూ ఉన్నాడు. కానీ ఆ మాట ఆవిడకు ఎలా చెప్పడం?

జనం పల్చబడ్డాక చూస్తే, మేష్టారు ఎప్పటిలా వెళ్ళిపోకుండా గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. ఆమె వెళ్ళి ఆయన కాళ్ళకు నమస్కరించింది. ఆయన చేతికర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నారు.

"ఇవాళ బేగడ విన్నానమ్మా," అన్నారు. "విని చాలా రోజులైంది."